సోన్‌గఢ్ అడవిలో రెండో నక్క

సూరత్ పక్కన ఉధ్నాలో మేము ముప్ఫై ఏళ్ళ దాకా కాపురమున్న రెండు గదులు ఖాళీ చేస్తున్నప్పుడు, అటక మీద నుంచి అన్నిటికన్నా చివర దిగింది ఒక ప్లాస్టిక్ గొట్టం. మూరెడున్నర పొడవు. దానికి అడ్డంగా మూడు చోట్ల పసుపుపచ్చ స్టీలు టేపు ముక్కలు బిగించి ఉన్నాయి. బట్ట కొలిచే టేపు కాదు, వడ్రంగులు వాడే చుట్టుకునే టేపు. మీద ఇంచీల అంకెలు ఇంకా చెరిగిపోలేదు. సామాను మోయడానికి వచ్చిన మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "యే క్యా హై బెన్? భంగార్ మే డాల్ దూఁ?" అని అడిగాడు. పాత ఇనుము కుప్పలో పడేయమంటావా అని. పొద్దుటి నుంచి సర్దీ సర్దీ ఒళ్ళు పులిసిపోయి ఉంది. గడప మీద కూలబడి దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాను. అది ఏరియల్. అడవిలో దాచిపెట్టిన రేడియోలు ఎక్కడున్నాయో వాటి మోతను బట్టి వెతికి పట్టుకునే పోటీకి నేను చేసుకున్నది. ఆ పోటీని హామ్ రేడియో వాళ్ళు నక్కల వేట అంటారు. దాచిన రేడియో నక్క, మనం వేటగాళ్ళం. నా జన్మలో ఒక్కసారే ఆ వేటకు పోయాను. అదీ మా బాపుతో.

మా బాపు మల్లేశం, కరీంనగర్ వైపు నుంచి పెళ్ళి కాకముందే సూరత్ వచ్చి, సాంచెల మీద పనిచేసినవాడు. సాంచె అంటే మగ్గమే, కరెంటుతో నడిచేది. మొదట్లో ఎనిమిది సాంచెలు నడిపే కార్మికుడు. నేను బడికి పోయే నాటికి ఊరి బయట సచిన్ అనే చోట ఒక సేటు దగ్గర మాస్టర్ అయ్యాడు. మాస్టర్ అంటే పాఠాలు చెప్పేవాడు కాదు, నలభై సాంచెల్లో ఏది చెడినా బాగుచేసేవాడు. బాపు చెవి గురించి మా వాళ్ళలో పెద్ద పేరు. నలభై సాంచెలు ఒక్కసారిగా దడదడలాడుతుంటే ఆ మధ్యలోంచి నడుచుకుంటూ పోయి, ఒకదాని ముందు ఆగి, దీని తోలు అరిగింది, దీని నట్టు వదులైంది అని చెప్పేవాడట. మేము అది చూడలేదు. విన్నాం. వినీ వినీ అది మా ఇంటి ఆస్తిలా అయిపోయింది. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో అవ్వ, అంటే మా అమ్మ, దాన్ని నగలా పెట్టుకుని తిరిగేది.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బాపును వెనక నుంచి పిలవకూడదు. ఎదురుగా పోయి, ముఖంలో ముఖం పెట్టి మాట్లాడాలి. ఆయన గోడ వైపు తిరిగి కూర్చుంటే భుజం తట్టాలి, లేదా లైటు ఒకసారి ఆర్పి వెలిగించాలి. పెద్దవాళ్ళను వెనక నుంచి పిలవడం మర్యాద కాదు కాబోలు అనుకునేదాన్ని. మా వరసలో ఉన్న ఇళ్ళన్నిట్లో ఇంతే. సాంచెల మోతలో నోటి మాట పనికిరాదు గనక, అక్కడ పనిచేసే మగవాళ్ళందరూ పెదవులు చూసి, చేతులు ఆడించి మాట్లాడుకునేవారు. ఇంటికొచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. సాయంత్రం మా గల్లీలో నలుగురు మగాళ్ళు కూర్చుంటే చేతులు ఊగుతుండేవి, మాటలు తక్కువ. కాలేజీలో గుజరాతీ పిల్లలకు ఇది చెబితే నవ్వేవారు. నాకు మాత్రం అందరి ఇళ్ళలో నాన్నలూ ఇలాగే ఉండరని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఆ గదుల వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. బాపు చొక్కా నుంచి సాంచె నూనె, వేడెక్కిన పాలియెస్టర్ వాసన. రింగ్ రోడ్ మార్కెట్ నుంచి వచ్చిన చీరల మూటల్లోంచి కొత్త రంగు వాసన. అవ్వ మధ్యాహ్నమంతా ఆ చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. దాన్నే ధాగా కటింగ్ అనేవాళ్ళం. అన్నం గిన్నెలో, మంచినీళ్ళ బిందెలో, నా నోట్సు పేజీల మధ్య, అంతటా ఆ దారప్పోగులే. బాపు ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, పళ్ళెం ముందు కూర్చుని, మొదటి ముద్ద తినే ముందు చూపుడు వేలితో చెవిలో ఒకసారి గట్టిగా తిప్పుకునేవాడు. పత్తి ఇరుక్కుంటదని అనేవాడు. రోజూ చూశాను ఆ వేలును. ఏమీ తోచలేదు.

తాపీ నది వరద ఊళ్ళోకి వచ్చిన ఏడాది నేను డిప్లొమా చదువుతున్నాను, ఎలక్ట్రానిక్స్. ఆ నాలుగు రోజులు ఫోన్లు చచ్చిపోయాయి. అప్పుడు ఉధ్నా రైల్వే క్వార్టర్స్ నుంచి ఒక పెద్దాయన మేడ మీద వైర్లు కట్టి, కారు బ్యాటరీతో రేడియో నడిపి, ఎవరెవరి క్షేమ సమాచారమో ఊళ్ళు దాటించాడని మా గల్లీలో చెప్పుకున్నారు. నీళ్ళు తీశాక వెతుక్కుంటూ వెళ్ళాను. ఆయనే అప్పారావు గారు. రాజమండ్రి వైపు మనిషి, రైల్వేలో టెలికం పని. ఇంటినిండా టంకం పొగ వాసన. నన్ను చూడగానే, "ఏవమ్మా, మోర్స్ నేర్చుకుంటావా? కాఫీ తాగుతావా? ముందేది?" అన్నారు. అంత మంచి మనిషిని నేను మళ్ళీ చూడలేదు. కాకపోతే ఆయన నోట్లో నువ్వుగింజ నానేది కాదు. పొద్దున ఆయనకు చెప్పిన మాట సాయంత్రానికి సూరత్‌లో ఉన్న తెలుగు ఇళ్ళన్నీ తిరిగొచ్చేది. ఎవరికైనా జ్వరమంటే వాళ్ళు వద్దన్నా చెయ్యి పట్టుకుని రైల్వే ఆసుపత్రికి లాక్కుపోయేవారు. అది కూడా అందరికీ చెప్పేవారు.

ఆ మరుసటి చలికాలం చివర్లో, సారు నన్ను చేర్పించిన హామ్ రేడియో క్లబ్ వాళ్ళు నక్కల వేట పెట్టారు. గెలిచిన జంటను బయటి రాష్ట్రంలో జరిగే పెద్ద పోటీకి పంపుతామన్నారు. నాకు ఆ ఆశ పట్టుకుంది. సూరత్, కరీంనగర్ తప్ప నేను మూడో ఊరు చూసి ఎరగను. జంటలుగా ఆడాలి. క్లబ్‌లో మిగతా అందరూ మగపిల్లలు. అవ్వకు చెబితే చీర మీంచి తల ఎత్తకుండానే తేల్చేసింది. "ఆడివిల్లను పట్టుకొని ఎవని ఎంబడో అడివికి తోల్తనా? పోతే నీ బాపు ఎంబడి పో. లేకుంటే ఇంట్ల కూసో." నేను బాపు ఎదురుగా పోయి నిలబడి అడిగాను. ఆయన కాసేపు నా ముఖం చూసి, "అడివిల రేడియోను పట్టుడేంది బిడ్డా?" అన్నాడు. చెప్పాను. "సప్పుడును పట్టుడే గదా" అని నవ్వాడు. ఆదివారం పనికి వేరే మనిషిని చూసుకున్నాడు. ఏరియల్‌కు స్టీలు టేపు కావాలంటే తన పనిముట్ల పెట్టెలోంచి సొంత టేపు తీసి, కత్తెర కూడా ఇచ్చాడు. సాంచె పన్నా, అంటే వెడల్పు, కొలిచే టేపు అది. దాన్ని ముక్కలు చెయ్యడానికి నా చెయ్యి రాలేదు. "కొయ్యి, కొయ్యి. మల్ల కొనుక్కుంట" అని తానే మొదటి ముక్క కోశాడు.

ఏరియల్ చివర అప్పారావు సారు ఇచ్చిన చిన్న చేతి రేడియో కట్టాం. అందులో నక్క కూత కీ కీ కీ అని వస్తుంటుంది. ఏరియల్ సరిగ్గా నక్క వైపు తిరిగితే ఆ కూత శుభ్రంగా వినిపిస్తుంది. పక్కకు తిప్పితే దాని చుట్టూ సర్రుమని ఒక హోరు చేరుతుంది, వేడి పెనం మీద నీళ్ళు చల్లినట్టు. హోరు ఎటు తక్కువైతే అటు పోవాలి. అంతే విద్య. రోజూ సాయంత్రం సారు రెండు వీధుల అవతల ఎక్కడో చిన్న రేడియో దాచేవారు. మేము మేడ మీదికెక్కి సాధన చేసేవాళ్ళం. బాపు ఏరియల్ పట్టుకుని మెల్లగా తిప్పేవాడు. నేను ఎదురుగా నిలబడి చూసేదాన్ని. నేను నేర్చుకోవడానికి పది రోజులు పట్టిన పని ఆయనకు ఒక్క రోజులో వచ్చేసింది. ఎక్కడ ఆపాలో అక్కడే ఆపేవాడు, ఒక్కసారి కూడా తప్పకుండా. సారు మెట్లెక్కి వచ్చి చూసి, "మల్లేశం గారూ, మీ చెవికి దండం పెట్టాలండీ" అన్నారు. బాపు సిగ్గుపడ్డాడు. నేను పొంగిపోయాను. పోటీ మాదేననుకున్నాను.

ఆదివారం తెల్లవారే ముందు ఉధ్నాలో రైలెక్కి, వ్యారా దాటి సోన్‌గఢ్‌లో దిగాం. అక్కడి నుంచి జీపులో అడవి. టేకు అడవి. ఆకు రాలే కాలం. ఒక్కో ఆకు విస్తరంత ఉంది, అడుగు వేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు. బాపు కొత్త చొక్కా వేసుకున్నాడు. భుజాన టిఫిన్ సంచి, అందులో అవ్వ కట్టిచ్చిన సర్వపిండి. క్లబ్ పెద్ద ఒక ముసలి గుజరాతీ, అందరం కాకా అనేవాళ్ళం. ఆయన కుర్చీ వేసుకుని నియమాలు చదివాడు. నక్కలు రెండు. మొదటి నక్కను జంటలో ఒకరు, రెండో నక్కను రెండోవారు పట్టాలి. ఏరియల్ పట్టినవాళ్ళ మణికట్టుకు ఎర్ర రిబ్బను. మొదటి నక్క దగ్గర కూర్చున్న మనిషి ఆ రిబ్బను విప్పి రెండోవాళ్ళకు కడతాడు. రిబ్బను లేనివాళ్ళు నాలుగడుగులు వెనక నడవాలి, మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. మా పక్కన నిలబడ్డ హార్దిక్, నా క్లాసువాడే, తమ్ముడిని తెచ్చుకున్నాడు. బాపును చూసి, "అరె రజితా, పప్పా కో లే ఆయీ?" నాన్నను తెచ్చుకున్నావా అని పళ్ళికిలించాడు. చూస్తావులే అనుకున్నాను.

మొదటి నక్క నాది. నలభై నిమిషాల్లో పట్టాను. ఎండిన వాగులో రెండు బండల మధ్య పెట్టారు. అక్కడ కూర్చున్న కుర్రాడు చీటీ మీద ముద్ర కొట్టి, "ఫస్ట్, తమే ఫస్ట్" అన్నాడు, మీరే మొదట అని. మిగతావాళ్ళు ఎవరూ ఇంకా రాలేదు. నాకు గాల్లో తేలినట్టుంది. రిబ్బను బాపు చేతికి మారింది. ఇంక చూసుకోనక్కర్లేదు, నాకన్నా ఆయనే గట్టివాడు. నియమం ప్రకారం నాలుగడుగులు వెనక్కి తగ్గాను. బాపు ఏరియల్ ఎత్తి ఒక చుట్టు తిరిగాడు, నా వైపు ఒకసారి చూశాడు. నేను నియమానికి కట్టుబడి తల దించుకున్నాను. ఆయన ముందుకు కదిలాడు.

చాలాసేపు నేనేమీ అనుకోలేదు. అడవిలో దారులు తిన్నగా ఉండవు గదా. కానీ రేడియో మోత నాకూ వినిపిస్తూనే ఉంది. కూత చుట్టూ హోరు తగ్గడం లేదు, పెరుగుతోంది. బాపు అడుగు మాత్రం తడబడడం లేదు. సాంచెల మధ్య నడిచే మనిషిలాగే, చేతులు ఊపకుండా, తల కొంచెం వంచి పోతున్నాడు. ఏదో కనిపెట్టి ఉంటాడు, చుట్టు దారిన పోతున్నాడేమో అని సర్దిచెప్పుకున్నాను. అరగంట. ముప్పావుగంట. పట్టిన మొదటి స్థానం చేజారుతోంది. నియమం గంగలో కలిసింది. "బాపూ! తప్పు! అటు గాదు!" అని వెనక నుంచి అరిచాను. ఆయన తిరగలేదు. అప్పుడు నేను ఆగిపోయాను. అప్పటిదాకా నా కాళ్ళ కింద ఆకులు విరుగుతూనే ఉన్నాయి. అంత చప్పుడు ఆగిపోతే అడవంతా ఒక్కసారి ఖాళీ అయినట్టుంటుంది. ఎవరైనా వెనక్కి చూస్తారు. బాపు చూడలేదు. ముప్ఫై అడుగులు పోయాడు, యాభై పోయాడు. టేకు చెట్ల మధ్య కొత్త చొక్కా చిన్నదవుతూ పోతోంది. నేను వెంట ఉన్నాననే నమ్మకంతో నడుస్తున్నాడు.

పరుగెత్తి చుట్టూ తిరిగి ఆయనకు ఎదురుగా పోయి నిలబడ్డాను, రొప్పుతూ. బాపు నా ముఖం చూశాడు. చూస్తూ ఏరియల్‌ను మెల్లగా కుడికి తిప్పాడు. సరైన చోట హోరు తగ్గింది, నా ముఖంలో ఏం మారిందో నాకు తెలియదు, చెయ్యి సరిగ్గా అక్కడే ఆపాడు. మేడ మీద పది రోజులూ ఆయన విన్నది రేడియోను కాదు. చూసింది నన్ను.

"బాపూ, నీకు ఇనవడ్తలేదా?"

ఆయన చుట్టూ చూశాడు, ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు. "కీ కీ అని ఇనవడ్తది బిడ్డా. నువ్వు చెప్తవు జూడు, సర్రుమంటదని, గది మాత్రం ఇనరాదు. యాడ తిప్పినా ఒక్క తీరుగనే ఉంటది."

"ఎన్నేండ్ల సంది?"

"ఏమో. నాలుగైదేండ్లాయె."

"మరి సాంచెలెట్ల జూస్తున్నవ్?"

బాపు ఏరియల్‌ను చెట్టుకు ఆనించి, కుడి అరచెయ్యి టేకు మాను మీద ఆనించి చూపించాడు. "గిట్ల. చెయ్యి పెడ్త. అదురుట్ల ఎర్కైతది." ఆ చేతి మీద ఎర్ర రిబ్బను. నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. ఈ మాట ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగా ఉంది. ముందే చెబితే వేరే ఎవరినైనా తెచ్చుకునేదాన్ని గదా అని. గెలిచే పోటీ పోయింది గదా అని. కోపం దిగాక భయం వచ్చింది. చెవి పేరు మీదనే బాపు మాస్టర్ అయ్యాడు. చెవి లేదని తెలిస్తే సేటు మాస్టర్ పని తీసేసి మళ్ళీ ఎనిమిది సాంచెలు అప్పజెబుతాడు. ఆ వయసులో పన్నెండు గంటలు నిలబడి, వారం పగలు, వారం రాత్రి. ఆ పని నుంచి పైకి రావడానికి ఆయనకు పద్నాలుగేళ్ళు పట్టింది.

రెండో నక్కను పట్టాం. ఎలా పట్టామంటే, నేను ఆయనకు ఎదురుగా వెనక్కి వెనక్కి నడిచాను, ఆయన నా ముఖం చూస్తూ ఏరియల్ తిప్పాడు. రెండుసార్లు చెట్ల వేళ్ళు తట్టుకుని వెల్లకిలా పడ్డాను. రెండోసారి బాపు నవ్వాపుకోలేకపోయాడు. నాకూ నవ్వొచ్చింది. ఆకుల్లో కూర్చుని సర్వపిండి తిన్నాం. ఎటూ ఓడిపోయాం గనక తొందర లేదు. నీళ్ళు తాగి, "నీ మొఖం మీ అవ్వ మొఖం లెక్క గాదు. ఏదీ దాగది" అన్నాడు. ఇన్నేళ్ళ మా ఇద్దరి సావాసంలో నాకు సుఖంగా గుర్తున్న అరగంట అది. నక్క ఒక విప్పచెట్టు బోదె పక్కన, ఎండుటాకుల కింద ఉంది. కాపలా మనిషి నిద్రపోతున్నాడు. లేపి ముద్ర వేయించుకున్నాం.

తిరిగొచ్చేసరికి అందరూ తినేసి కూర్చున్నారు. హార్దిక్ వాళ్ళు గెలిచారు. మేము ఆఖరు. అప్పారావు గారు ఎదురొచ్చారు. ముఖం చిన్నబోయి ఉంది. "అదేంటమ్మా? మొదటిదాన్ని అందరికంటే ముందు పట్టారట కదా. రెండోదానికి రెండున్నర గంటలేంటి? ఏవైంది?" బాపు నా పక్కన కాదు, సారు పక్కన నిలబడ్డాడు, నాకు ఎదురుగా. నా నోటి వైపే చూస్తున్నాడు. నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. సారు నోటి సంగతి నాకు తెలుసు. "నాదే తప్పు సార్. సెట్టు బాపుకిచ్చేటప్పుడు నా వేలు తగిలి ఫ్రీక్వెన్సీ మారిపోయింది. చాలాసేపు చూసుకోలేదు" అన్నాను. సారు నొచ్చుకున్నారు. "లాక్ బటన్ నొక్కమని ఎన్నిసార్లు చెప్పాను నీకు? ఇంత అజాగ్రత్తయితే ఎలాగమ్మా?" అని, బాపు వైపు తిరిగారు. "అంతేనాండీ మల్లేశం గారూ?" బాపు తల ఊపాడు. రైల్లో ఇద్దరం కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చున్నాం. ఆయన్ని కాపాడానని నాకు లోపల గర్వంగానే ఉంది.

ఆ గర్వం మీద చాలా ఏళ్ళు నడిచింది మా ఇల్లు. నేను బాపుకు కాపలాదారునయ్యాను. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే ముందు నేనే పలికేదాన్ని. ఫోన్ మోగితే నేనే ఎత్తేదాన్ని. సేటు మనిషి ఇంటికొస్తే ఇద్దరి మధ్య కూర్చుని చాయ్ పోస్తూ ప్రతి మాటా ఇంకోసారి అనేదాన్ని. అవ్వకు కూడా చెప్పలేదు. అవ్వ పేరంటాల్లో బాపు చెవి గురించి చెబుతుంటే తల వంచుకుని వినేదాన్ని. సారు దగ్గరికి పోవడం తగ్గించాను, ఆయన కళ్ళలో ఆ అజాగ్రత్త అనే మాట నాకు కనిపించేది. ఒక ఏడాదికి మానేశాను. ఆయన రిటైరై రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇప్పుడు నేను సూరత్ శివార్లలో ఇచ్ఛాపూర్ దగ్గర ఒక ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ చెబుతున్నాను. దిక్కు కనుక్కోవడం గురించి చెప్పబోతే పిల్లలు జేబులోంచి ఫోన్ తీసి చూపిస్తారు. నిజమే, ఇప్పుడు ఎవరూ ఒక చోట నిలబడి చుట్టూ తిరగాల్సిన పని లేదు. నాకూ ఓపిక తగ్గింది. చాక్‌పీసు దులుపుకుని పాఠం ముగిస్తాను.

బాపు ఆ మోతలో ఇంకో ఏడేళ్ళు పనిచేశాడు. తర్వాత సేటు పాత సాంచెలు అమ్మేసి నీళ్ళ ధారతో దారం తోసే కొత్తవి తెచ్చాడు. వాటి అదురు బాపు అరచేతికి అర్థం కాలేదు. నెల తిరక్కముందే మాస్టర్ పని పోయింది. ఎవరూ ఏమీ అనలేదు, ఇంకో కుర్రాడిని పెట్టుకున్నారంతే. అప్పటికి కీ కీ కూడా పోయింది. అవ్వ గిన్నె జారవిడిచినా, వాకిట్లో బండి హారన్ కొట్టినా తెలిసేది కాదు. అప్పుడు తీసుకుపోయాను డాక్టరు దగ్గరికి. ఆయన గాజు గదిలో కూర్చోబెట్టి, యంత్రం పెట్టి చూసి, కాగితం మీద గీత గీశాడు. కొండ మీంచి దొర్లినట్టు కిందికి పోయింది గీత. పోయింది తిరిగి రాదన్నాడు. ఎప్పటి నుంచి అని అడిగాడు. నేను లెక్కపెట్టి పదకొండు, పన్నెండేళ్ళన్నాను. ఆయన పెన్ను ఆపి, "అప్పుడే వచ్చి, ఆ మోతలోంచి బయటపడి ఉంటే సగం పైగా మిగిలేది. ఇంట్లో ఎవరికీ తెలియలేదా?" అన్నాడు హిందీలో. నేను నేల చూశాను. బాపు డాక్టరు పెదవుల మీంచి చూపు తీసి నన్ను చూశాడు.

బయట బల్ల మీద కూర్చున్నాం. చాయ్ తెచ్చిచ్చాను. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, ఇంక దాచుకోవాల్సిందేమీ లేని మనిషిలా పెద్ద గొంతుతో అన్నాడు. వినబడనివాళ్ళకు తమ గొంతు ఎంతో తెలియదు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు.

"గా అడివి కాడ సారు అడిగిండు జూడు, ఏమైందని. గప్పుడు నువ్వు చెప్తవనుకున్న బిడ్డా. నీ మొఖమే జూసుకుంట నిలవడ్డ. నా నోటితోని వస్తలేకుండె. నువ్వు చెప్తే సారు ఊకుంటుండెనా? దవాఖానకు గుంజుకపోతుండె. నలుగురికి ఎర్కైతుండె. మాస్టర్ పని పోతే పోతుండె. ఒడ్డున పడుతుంటి."

ఆయనకు ఎదురుగా జరిగి, ఒక్కో మాటా విడదీసి అడిగాను. "మరి సారు నిన్నడిగినప్పుడు తల ఎందుకు ఊపినవ్ బాపూ?"

"నువ్వు అప్పటికే చెప్పేసినవ్ గదా. సారు ముంగట నా బిడ్డెను అబద్ధాలదాన్ని చేస్తనా?"

నేను ముఖం రోడ్డు వైపు తిప్పుకున్నాను. జవాబు చెప్పాలంటే ఆయనకు నా ముఖం చూపించాలి.